ఈఆర్‌పీలో మాస్టర్ డేటా: మిల్లులు, డీలర్లు, బండల ఫ్యాక్టరీల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదోని జిన్నింగ్ మిల్లు అయినా, తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీ అయినా, కడప సిమెంట్ డీలరైనా, రాయదుర్గం జీన్స్ యూనిట్ అయినా కొత్త ఈఆర్‌పీ (కొనుగోళ్లు, అమ్మకాలు, స్టాక్, ఖాతాలు ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్) పెట్టుకునేటప్పుడు వచ్చే అనుమానాలు ఇంచుమించు ఒకటే. ట్యాలీ, ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, ఎస్‌ఏపీ... ఏది కొన్నా కింద చెప్పినవి పనికొస్తాయి. తేడా ఉన్నచోట విడిగా చెప్పాం.

మాస్టర్ డేటా అంటే ఏంది? మా గుమాస్తాకు అర్థమయ్యేలా చెప్పండి.

ఈరోజు తూకం చీటీ, నిన్నటి బిల్లు, రేపు కట్టాల్సిన డబ్బు: ఇవన్నీ లావాదేవీలు. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే పేర్లు మాస్టర్లు. సరుకు, పార్టీ, గోడౌన్, యూనిట్, పన్ను రేటు, బ్యాంకు ఖాతా, ఉద్యోగి అన్నీ ఈ కోవలోకే వస్తాయి. బిల్లులో తప్పు పడితే ఆ ఒక్క బిల్లు సరిచేసుకుంటే చాలు. మాస్టర్‌లో తప్పు పడితే దాన్ని వాడి కొట్టిన ప్రతి బిల్లూ అదే తప్పుతో బయటికి పోతుంది.

ఏది ముందు, ఏది తర్వాత?

చాలామంది సరుకుల లిస్టుతో మొదలుపెడతారు, ఎక్సెల్‌లో అది రెడీగా ఉంటుంది కాబట్టి. కానీ సరుకు ఫారం తెరవగానే యూనిట్ ఏది, గ్రూపు ఏది, పన్ను ఎంత, ఏ ఖాతాలో పడాలి అని అడుగుతుంది. అవేవీ లేకుండా మొదలుపెడితే అప్పటికి తోచింది ఏదో ఒకటి కొట్టేస్తారు. అందుకే ముందు కంపెనీ, బ్రాంచీలు. తర్వాత ఖాతాలు, యూనిట్లు, పన్నులు, గ్రూపులు, గోడౌన్లు. ఆ తర్వాతే సరుకులు, పార్టీలు. ధరలు, ఓపెనింగ్ స్టాక్ అన్నిటికన్నా చివర.

మా సరుకు క్వింటాళ్లలో కొంటాం, బేళ్లలో అమ్ముతాం, ధర క్యాండీకి మాట్లాడతాం. ఏ యూనిట్ పెట్టాలి?

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. యూనిట్ తప్పు పెట్టి లావాదేవీలు మొదలుపెడితే వెనక్కి రావడం చాలా కష్టం. స్టాక్ కదిలాక మూల యూనిట్‌ను (స్టాక్ లెక్క నడిచే అసలు యూనిట్) ఈఆర్‌పీనెక్స్ట్, ఓడూ, ఎస్‌ఏపీ మామూలుగా మార్చనివ్వవు. అప్పుడు కొత్త కోడ్ తెరిచి, పాత స్టాక్ అందులోకి మళ్లించుకోవాల్సి వస్తుంది.

పత్తి మిల్లుకైతే మూల యూనిట్‌గా కిలో పెట్టుకోండి. క్వింటాల్ అంటే 100 కిలోలు, అందులో గొడవ లేదు. బేలు (ప్రెస్‌లో నొక్కి కట్టిన దూది కట్ట) లెక్క 170 కిలోలు, క్యాండీ (దూది బేరంలో వాడే తూకం) సుమారు 356 కిలోలు. ఈ లెక్కన 100 బేళ్లు 17,000 కిలోలు, అంటే దాదాపు 47.75 క్యాండీలు. మార్పిడి ఒకసారి మాస్టర్‌లో పెడితే బేరం క్యాండీలో చేసుకోవచ్చు, స్టాక్ కిలోల్లో చూసుకోవచ్చు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 170 అనేది లెక్క కోసం వాడే బరువు. ప్రెస్ నుంచి వచ్చే ప్రతి బేలూ సరిగ్గా 170 తూగదు. బేలు మార్పిడినే నమ్ముకుని స్టాక్ నడిపితే సీజన్ చివర్లో కాటా ఒక మాట, కంప్యూటర్ ఇంకో మాట చెబుతాయి. ప్రతి బేలుకూ నంబరు ఇచ్చి, దాని అసలు బరువు కిలోల్లో ఎక్కించండి. బేళ్ల సంఖ్య లారీ లోడింగ్‌కు, బీమాకు పనికొచ్చే రెండో లెక్కగా ఉంటుంది.

బస్తా సంగతీ ఇంతే. సిమెంట్ బస్తా 50 కిలోలు, కంపెనీ నుంచే అలా వస్తుంది కాబట్టి డీలర్లు బస్తానే మూల యూనిట్‌గా పెట్టుకోవచ్చు. వేరుశనగ కాయల బస్తా అలా కాదు. కాయ తేమను బట్టి, నింపిన మనిషిని బట్టి మారుతుంది. దానికి బస్తా నుంచి కిలోకు స్థిరమైన మార్పిడి పెట్టకండి. బస్తాల సంఖ్య హమాలీ కూలి లెక్కకు, బరువు డబ్బు లెక్కకు.

బండలకు చదరపు అడుగు చాలు. బయటి రాష్ట్రాల వాళ్లు చదరపు మీటర్లు అడిగితే మీటరుకు 10.764 చదరపు అడుగుల మార్పిడి పెట్టుకోండి. ఇంకో పని: మీ ప్రతి యూనిట్‌నూ జీఎస్టీ పోర్టల్ ఒప్పుకునే యూనిట్ కోడ్‌తో జతచేయాలి. 'మూట', 'కట్ట' లాంటివి మీ లోపలి వాడకానికి బాగుంటాయి గానీ రిటర్న్‌లో నిలబడవు.

గ్రూపు, కేటగిరీ, టైప్ అని మూడు అడుగుతోంది. మూడూ ఒకటే కదా?

కాదు. పేర్లు ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కోలా ఉండటంతో గందరగోళం వస్తుంది.

ట్యాలీలో స్టాక్ గ్రూపు చెట్టులా కొమ్మలుగా పోతుంది, ఒక సరుకు ఒక గ్రూపు కిందే ఉంటుంది. స్టాక్ కేటగిరీ ఆ చెట్టును అడ్డంగా కోసి చూపించేది. ఉదాహరణకు, గ్రూపు 'సిమెంట్', దాని కింద బ్రాండ్లు. కేటగిరీలు 'ఓపీసీ 43', 'ఓపీసీ 53', 'పీపీసీ' అనే సిమెంట్ రకాలు. అప్పుడు బ్రాండ్ వారీగానూ చూడొచ్చు, అన్ని బ్రాండ్ల ఓపీసీ 53 కలిపి ఎన్ని బస్తాలున్నాయో కూడా చూడొచ్చు.

ఎస్‌ఏపీలో మెటీరియల్ టైప్ అనేది బరువైన నిర్ణయం. ముడిసరుకా, సగం తయారైందా, అమ్మే సరుకా అన్నదాన్ని బట్టి నంబర్ల వరస, ఏ స్క్రీన్లు తెరుచుకోవాలి, స్టాక్ విలువ ఏ ఖాతాలో పడాలి అన్నవి తేలిపోతాయి. మెటీరియల్ గ్రూపు మాత్రం కొనుగోళ్లను, రిపోర్టులను విడదీయడానికి. ఓడూలో ప్రొడక్ట్ కేటగిరీకి ఖాతాలు, స్టాక్ విలువ కట్టే పద్ధతి తగిలించవచ్చు, అందుకని అక్కడ కేటగిరీని తేలిగ్గా తీసుకోకూడదు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఐటమ్ గ్రూపు కూడా చెట్టే.

కేటగిరీలు ఎన్ని ఉండాలి?

మీరు అనుకునేదానికన్నా తక్కువ. రెండు కేటగిరీలు విడిగా ఉండాలా వద్దా అని తేల్చడానికి మేం అడిగే ప్రశ్న ఒకటే: వీటికి పన్ను, ఖాతా, కొనే పద్ధతి, చూసుకునే మనిషి... వీటిలో ఏదైనా వేరుగా ఉందా? లేకపోతే ఒకే కేటగిరీ చాలు. రంగు, సైజు, బ్రాండ్ లాంటి తేడాలకు వేరే గడులు ఉన్నాయి.

తేడా ఉంటే మాత్రం తప్పక విడదీయాలి. ఆదోని మిల్లునే చూడండి. పత్తి అమ్మేవాళ్లందరినీ 'సప్లయర్లు' అని ఒక్క గ్రూపులో పడేస్తారు. కానీ రైతు దగ్గర నేరుగా ముడి పత్తి కొంటే జీఎస్టీ రివర్స్ ఛార్జ్ పద్ధతిలో కొన్న మిల్లే కట్టాలి. 2017 నవంబర్ 15 నుంచి ఉన్న నిబంధన ఇది. రిజిస్టర్ అయిన వ్యాపారి దగ్గర కొంటే పన్ను ఆయన బిల్లులోనే వస్తుంది. 'రైతు', 'వ్యాపారి' అని రెండు గ్రూపులు పెట్టి, రైతు గ్రూపుకు రివర్స్ ఛార్జ్ పన్ను తగిలిస్తే కాటా దగ్గర కూర్చున్న పిల్లోడు పన్ను గురించి ఆలోచించక్కర్లేదు. అదే మిల్లు 'పెద్ద రైతు', 'చిన్న రైతు', 'పాత రైతు' అని మూడు గ్రూపులు అడిగితే మేం వద్దంటాం. దేనికని అడిగితే జవాబు ఉండదు.

గ్రూపు కింద గ్రూపు రెండు మెట్లు చాలు. మూడో మెట్టు దాటితే కొత్త సరుకు ఎక్కడ పెట్టాలో తెలియక ఒకరు ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట పెడతారు.

'ఇతరాలు' అని ఒకటి పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి. కానీ నెలకోసారి దాన్ని ఖాళీ చేసే బాధ్యత ఒకరికి అప్పగించండి.

కోడ్ చూడగానే సరుకేంటో తెలిసిపోవాలి. అలా పెట్టొచ్చా?

ఈ కోరిక అందరికీ ఉంటుంది, మేం మాత్రం ఒప్పుకోం. కోడ్‌లో అర్థం ఇరికిస్తే ఆ అర్థం మారిన రోజు కోడ్ అబద్ధం చెబుతుంది. పార్టీ కోడ్‌లో జిల్లా పేరు పెట్టారనుకోండి. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు కోడ్‌తో ఉన్న డోన్ పార్టీ నంద్యాల జిల్లాలోకి పోయింది. అనంతపురం కోడ్‌తో ఉన్న ధర్మవరం, హిందూపురం పార్టీలు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. కోడ్ మారిస్తే పాత బిల్లుల్లో వెతుక్కోవడం కష్టం, మార్చకపోతే కొత్తగా చేరిన అకౌంటెంట్‌కు అయోమయం.

వరస నంబరు చాలు. సరుకేంటో చెప్పడానికి పేరు ఉంది, గ్రూపు ఉంది. బస్తా మీద, బేలు మీద అతికించడానికి బార్‌కోడ్ ఉంది. పేరు మాత్రం ఒకే పద్ధతిలో రాయండి: ముందు సరుకు, తర్వాత రకం, తర్వాత సైజు. ఒకచోట 'బండ పాలిష్ 2×2', ఇంకోచోట '2×2 పాలిష్ బండ' అని ఉంటే వెతికేవాడికి రెండూ ఒకేసారి దొరకవు.

మా దగ్గర జీన్స్ ఒకే మోడల్, ఆరు సైజులు, నాలుగు రంగులు. ఇన్ని కోడ్‌లు ఎవరు చేస్తారు?

సాఫ్ట్‌వేరే చేస్తుంది. మోడల్‌ను మూల సరుకుగా పెట్టి, సైజుకు 28 నుంచి 38 వరకు, రంగుకు నాలుగు పేర్లు ఇస్తే ఈఆర్‌పీనెక్స్ట్‌లో, ఓడూలో 24 వేరియంట్ల వరకు సాఫ్ట్‌వేర్‌తోనే తయారు చేయించుకోవచ్చు. అన్నీ ఒకేసారి తయారు చేయించకండి. నిజంగా కుట్టే సైజులే తెరవండి, లేకపోతే ఎప్పుడూ అమ్మని సరుకులు లిస్టు నిండా కనిపిస్తాయి.

ఒక్కో గ్రానైట్ దిమ్మె ఒక్కోలా ఉంటుంది. ప్రతి దిమ్మెకూ కోడ్ పెట్టాలా?

వద్దు. రకం సరుకు, దిమ్మె బ్యాచ్. 'నలుపు గ్రానైట్ దిమ్మె' అని ఒక సరుకు కోడ్ పెట్టి, క్వారీ నుంచి వచ్చిన ప్రతి దిమ్మెకూ బ్యాచ్ నంబరు, దాని కొలతలు ఇవ్వండి. కోసిన పలకలు అదే బ్యాచ్ నంబరు మోసుకుపోతాయి. కొనేవాడు 'మిగతా హాలుకూ ఇదే రంగు కావాలి' అని అడిగినప్పుడు ఆ దిమ్మె పలకలు ఇంకా ఎన్ని ఉన్నాయో చెప్పగలరు.

పాత డేటా అంతా ఎక్సెల్‌లో ఉంది. నేరుగా ఎక్కించేయొచ్చా?

ఎక్కించే ముందు మూడు కాలమ్స్ కళ్లారా చూసుకోండి.

హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ (జీఎస్టీలో సరుకును గుర్తించే నంబరు). కడప పసుపు 0910, కర్నూలు ఉల్లి 0703. ఎక్సెల్ వీటిని అంకెలనుకుని ముందున్న సున్నా తీసేస్తుంది, 910, 703 మిగులుతాయి. వేరుశనగ 1202, పత్తి 5201, సిమెంట్ 2523 లాంటివి చెక్కుచెదరవు కాబట్టి పైపైన చూసినవాళ్లకు అనుమానమే రాదు. ఏడాదికి ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వ్యాపారం ఆరు అంకెల కోడ్ వేయాలి, అంతకు లోపైతే నాలుగు చాలు. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చి, ఆ తర్వాత డేటా పేస్ట్ చేయండి. తర్వాత మార్చితే పోయిన సున్నా తిరిగి రాదు.

బ్యాంకు ఖాతా నంబరు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తుంచుకుంటుంది. 16 అంకెల ఖాతా నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. ఆ తప్పు నంబరుకు వేసిన డబ్బు వెనక్కి వస్తే అదృష్టమే.

పార్టీ పేరు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు టైపు చేసి ఉంటే, అను ఫాంట్లు లాంటివి, అది యూనికోడ్ కాదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తుంది. కన్వర్టర్‌తో మార్చాక ఒత్తులు, పొల్లులు సరిగా వచ్చాయో మనిషి చదివి చూడాల్సిందే.

ఇంకో మాట. పదేళ్ల పాత పార్టీలన్నిటినీ తీసుకురాకండి. బాకీ ఉన్నవాళ్లు, గత రెండేళ్లలో లావాదేవీ చేసినవాళ్లు చాలు. మిగతావాళ్లు మళ్లీ వస్తే అప్పుడు తెరుచుకోవచ్చు.

ఒకే మనిషి పేరు మూడు రకాలుగా పడింది. ఎలా కనిపెట్టాలి?

పేరుతో కనిపెట్టలేరు. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లీషులో నలుగురు గుమాస్తాలు నాలుగు రకాలుగా రాస్తారు. ఇంటిపేరు ఒకరు ముందు పెడతారు, ఒకరు ఒక్క అక్షరం చేస్తారు, ఇంకొకరు వదిలేస్తారు. సరుకుల్లోనూ ఇంతే: 'వేరుశనగ', 'శెనక్కాయ', 'బుడ్డలు' అని మూడు కోడ్‌లు తెరిచి మూడింట్లో స్టాక్ పెట్టుకుంటారు. అసలు పేరు ఒకటి పెట్టి మిగతా రెండూ మారుపేర్ల గడిలో వేస్తే ఎవరు ఎలా వెతికినా అదే దొరుకుతుంది.

పార్టీలకు ఫోన్ నంబరు, పాన్, జీఎస్టీ నంబరు చూసి పట్టుకోవాలి. జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36, కర్ణాటక 29. తర్వాతి పది పాన్. పాన్‌లో నాలుగో అక్షరం పీ అయితే వ్యక్తి, ఎఫ్ అయితే భాగస్వామ్య సంస్థ, సీ అయితే కంపెనీ. చివరి అక్షరం మిగతావి సరిగా ఉన్నాయో లేదో పరీక్షించుకోడానికి.

దీనివల్ల ఒక లాభం ఉంది. అనంతపురంలో ఒక షాపు, బళ్లారిలో ఒక షాపు ఉన్న వ్యాపారికి రెండు జీఎస్టీ నంబర్లు ఉంటాయి గానీ మధ్యలో పాన్ ఒకటే. ఆయనను ఒకే పార్టీగా, రెండు అడ్రసులతో పెట్టండి. అప్పు పరిమితి ఒక్కరికే లెక్క పడుతుంది. రెండు పార్టీలుగా పెడితే ఒకచోట బాకీ ఉంచి ఇంకోచోట సరుకు ఎత్తుకుపోవచ్చు, మీకు తెలిసేసరికి నెలలు దాటుతుంది.

మా దగ్గర కొనేవాడే మాకు అమ్ముతాడు కూడా. రెండుసార్లు ఎక్కించాలా?

ఎస్‌ఏపీ ఎస్4హనాలో అక్కర్లేదు, బిజినెస్ పార్టనర్ అని ఒకసారి తెరిచి రెండు పాత్రలు ఇస్తారు. ఓడూలోనూ ఒకే కాంటాక్ట్ చాలు. ఈఆర్‌పీనెక్స్ట్‌లో కస్టమర్, సప్లయర్ విడివిడిగా ఉంటాయి, రెంటినీ జతచేసుకోవచ్చు.

అడ్రసులో జిల్లా, పిన్‌కోడ్ అంత ముఖ్యమా?

పిన్‌కోడ్ ముఖ్యం. ఏడాది టర్నోవర్ ఐదు కోట్లు దాటినవాళ్లకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) తప్పనిసరి, అక్కడ పిన్‌కోడ్‌కూ రాష్ట్రానికీ పొంతన లేకపోతే బిల్లు తిరగ్గొడుతుంది. ఈ-వే బిల్లులో (సరుకు రవాణా పత్రం) దూరం కూడా పిన్‌కోడ్‌ల మధ్యే లెక్క వస్తుంది. జిల్లా పేరును చేత్తో టైపు చేయనివ్వకండి, లిస్టులోంచి ఎంచుకునేలా పెట్టండి. లేకపోతే కడపను పాత ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో ఒకరు, కొత్త స్పెల్లింగ్‌తో ఒకరు, వైఎస్సార్ జిల్లా అని ఒకరు రాస్తారు, రిపోర్టులో మూడు జిల్లాలు వస్తాయి. అమ్మకాల ఏరియాలను జిల్లాలతో ముడిపెట్టకండి. మీ సేల్స్‌మన్ తిరిగే రూటే మీ ఏరియా.

సప్లయర్ బ్యాంకు వివరాల్లో ఏం చూడాలి?

ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ 11 అక్షరాలు, ఐదోది ఎప్పుడూ సున్నా. దాన్ని 'ఓ' అని కొట్టేవాళ్లు బోలెడు మంది. పాత మాస్టర్లలో ఇంకో చిక్కు: 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసిపోయాయి. వాటి పాత కోడ్‌లు ఇప్పుడు పనిచేయవు. కడప కేంద్రంగా నడిచిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో చేరింది. మన పల్లెల్లో రైతుల ఖాతాలు ఎక్కువగా ఈ మూడింటిలోనే ఉండేవి కాబట్టి పాత లిస్టు ఎక్కించే ముందు ప్రతి కోడ్‌నూ సరిచూడాలి.

'మా అకౌంట్ మారింది, ఇకపై దీనికి వేయండి' అని వాట్సాప్ వస్తే వెంటనే మార్చకండి. మాస్టర్‌లో ముందునుంచీ ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగండి, మెసేజ్ వచ్చిన నంబరుకు కాదు. మార్చేది ఒకరు, ఆమోదించేది ఇంకొకరుగా ఉండాలి. ఎంత చిన్న ఆఫీసైనా ఈ ఒక్క పనికి ఇద్దరు మనుషులు కావాలి.

సప్లయర్ మాస్టర్‌లో ఉద్యమ్ నంబరు ఎందుకు అడుగుతున్నారు?

ఉద్యమ్ అనేది సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల ప్రభుత్వ రిజిస్ట్రేషన్. వాటిలో సూక్ష్మ, చిన్న తరహా సంస్థలకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. గడువు దాటితే కట్టిన ఏడాదిలోనే ఆ ఖర్చును ఆదాయపు పన్నులో చూపించుకోగలరు. 2024-25 అసెస్‌మెంట్ ఏడాది నుంచి అమల్లో ఉంది. మధ్య తరహా సంస్థలకు, కేవలం కొని అమ్మే వ్యాపారులకు ఇది వర్తించదు. అందుకే నంబరు ఒక్కటే చాలదు. సూక్ష్మమా, చిన్నదా, మధ్య తరహానా, తయారీదారా, వ్యాపారా అన్న గడులు కూడా ఉండాలి. మార్చి నెలలో మీ ఆడిటర్ అడిగే మొదటి లిస్టు ఇదే.

యార్డుకు వచ్చే ప్రతి రైతుకూ ఖాతా తెరవాలా?

అడ్వాన్స్ తీసుకునేవాళ్లకు, ఏటా వచ్చేవాళ్లకు తెరవండి. ఒక్కసారి వచ్చిపోయేవాళ్లకు 'ఒకసారి రైతు' అని ఉమ్మడి ఖాతా పెట్టి, పేరు, ఊరు, ఫోను, బ్యాంకు వివరాలు బిల్లులోనే రాసుకునే ఏర్పాటు ఉంటుంది. ఆధార్ నంబరు మాస్టర్‌లో పెట్టమని చాలామంది అడుగుతారు. మాకైతే అది అనవసరం. డబ్బు వేయడానికి ఖాతా నంబరు చాలు, మనిషిని గుర్తుపట్టడానికి ఫోను చాలు.

పన్ను రేటును సరుకు మీదే రాసేయాలా?

రాయొద్దు. సిమెంట్‌పై 28 శాతం 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 అయ్యింది. రేటు ఒక పన్ను టెంప్లేట్‌లో (సరుకులన్నీ వాడుకునే ఉమ్మడి పన్ను పట్టిక), అమలు తేదీతో ఉంటే ఒక్కచోట కొత్త వరస కలిపితే చాలు, పాత బిల్లులు పాత రేటుతోనే ఉంటాయి. ప్రతి సరుకు మీదా రాసి పెట్టుకున్న డీలరు ఒక్కొక్క కార్డూ తెరిచి మార్చుకోవాలి. అంతలో నాలుగు మరిచిపోతాడు.

పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చా?

రెండు గడులు పెట్టండి. అసలు పేరు ఇంగ్లీషులో, ఆడిటర్‌కు, పోర్టల్‌కు. తెలుగు పేరు పక్క గడిలో, రైతుకిచ్చే చీటీ మీద అచ్చు కావడానికి.

తప్పుగా తెరిచినదాన్ని తీసేయొచ్చా?

లావాదేవీ పడకపోతే తీసేయొచ్చు. పడితే మూసేయడమే. ఈఆర్‌పీనెక్స్ట్‌లో డిజేబుల్, ఓడూలో ఆర్కైవ్, ఎస్‌ఏపీలో డిలీషన్ ఫ్లాగ్. రెండుసార్లు పడిన సరుకునైతే ఈఆర్‌పీనెక్స్ట్‌లో పేరు మార్చేచోట ఒకదాన్ని ఇంకోదాంట్లో కలిపేయొచ్చు. కలిపాక విడదీయలేరు, ముందు బ్యాకప్ తీసుకోండి.

కొత్త సరుకు, కొత్త పార్టీ తెరిచే హక్కు ఎవరికివ్వాలి?

ఒక్కరికి. యజమానికి మాత్రం వద్దు. ఆయన బిజీగా ఉంటే పని ఆగుతుంది, ఆగితే పాస్‌వర్డ్ అందరికీ చెప్పేస్తారు. స్టోర్ చూసే మనిషికో, సీనియర్ అకౌంటెంట్‌కో ఇవ్వండి, ఆయన సెలవు పెడితే చూసేవాడి పేరు కూడా ముందే అనుకోండి. మిగతావాళ్లు అడిగితే ఆరోజే తెరిచివ్వాలి. రెండు రోజులు ఆలస్యమైతే కాటా దగ్గర వాళ్లు దగ్గరగా ఉన్న ఏదో ఒక కోడ్ మీద బిల్లు కొట్టేస్తారు, అది ఇంకా పెద్ద తలనొప్పి.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

పత్తి, వేరుశనగ మిల్లులైతే అక్టోబర్ నుంచి సంక్రాంతి దాకా దీని జోలికి పోకండి. ఆ రోజుల్లో యూనిట్ గురించి మాట్లాడటానికి ఎవరికీ తీరిక ఉండదు. ఫిబ్రవరి, మార్చిలో లిస్టులు శుభ్రం చేసుకుని ఏప్రిల్ 1న మొదలుపెడితే ఖాతాలకూ కొత్త ఏడాది, గోడౌన్‌లోనూ సరుకు తక్కువగా ఉంటుంది కాబట్టి ఓపెనింగ్ స్టాక్ తూకం వేసి ఎక్కించవచ్చు. సిమెంట్ డీలర్లకు ఎండాకాలం అమ్మకాలు జోరుగా ఉంటాయి. వాళ్లు వానాకాలం వరకు ఆగి, జులై ఒకటో తేదీన మొదలుపెట్టుకున్నా ఇబ్బంది లేదు.